నూనె సూది

నా ఎడమ అరచేతిలో, బొటనవేలి కింది దిబ్బ మీద, ఒక గాయం ఉండేది. ఇప్పుడు ఎండలో పట్టి చూసినా దొరకదు. దొరకని గాయం గురించి ఇన్ని పేజీలు రాయడం కొంచెం అతే. కానీ మూడు నెలలపాటు నన్ను కూర్చోనివ్వకుండా, నిలబడనివ్వకుండా, నేస్తున్న లుంగీలో గళ్ళు తప్పించింది ఆ చుక్కే. భయం తీరింది కనుక రాస్తున్నాను. తీరకముందు రాసి ఉంటే అక్షరాలకు బదులు గీతలు పడేవి.

మాది గుడియాత్తం. చేమగ్గం మీద లుంగీలు నేస్తాం. మా వీధిలో తెలుగు పలకని నోరు లేదు, తెలుగు చదివే కన్ను మాత్రం అరుదు. నాకు అక్షరాలు వచ్చాయంటే అది చిన్నప్పుడు చిత్తూరులో అమ్మమ్మ ఇంట్లో ఉండి చదివిన నాలుగేళ్ళ పుణ్యం. నేత అంటే నాయకుడనే అర్థం కూడా ఉందని అక్కడే నేర్చుకున్నాను. పెళ్ళయిన కొత్తలో ఈ సంగతి నా భార్య రాజేశ్వరికి గొప్పగా చెబితే, "నేతవే బావా, గుంతలో కూర్చున్న నేతవు" అంది. మాది గుంత మగ్గం. కాళ్ళు గుంతలో, కళ్ళు గుడ్డలో.

మగ్గానికి నూనె వేయడం చూసినంత సులువు కాదు. అడ్డనూలు పారించే నాడెను అటూ ఇటూ తోసే తోలు ముక్క ఒక ఇనప కడ్డీ మీద జారుతూ ఉంటుంది. ఆ కడ్డీకి రోజూ నూనె కావాలి. ఒక చుక్క తక్కువైతే నాడె మొరాయిస్తుంది. ఒక చుక్క ఎక్కువైతే గుడ్డ మీద పడుతుంది, మచ్చ పడిన లుంగీని దుకాణం వాళ్ళు తీసుకోరు. మా నాయన కోడి ఈకను నూనెలో ముంచి వేసేవాడు. నేను నాలుగు అక్షరాలు వచ్చినవాణ్ణి కదా, ఈక నాకు నామోషీ అయింది.

మా వీధి దాటితే ఒక చిన్న క్లినిక్ ఉంది. అక్కడి కాంపౌండర్ శేఖర్ నాతో బడికి వచ్చినవాడు. ఒకసారి జ్వరానికి ఇంజెక్షన్ వేయించుకుంటూ, సూది మొనలో ఒకే ఒక్క చుక్క నిలిచి ఉండడం చూశాను. ఒళ్ళు కాలిపోతోంది, బుర్ర మాత్రం మగ్గం దగ్గరకు పరుగెత్తింది.

"శేఖరా, వాడేసిన సూదులు ఏమి చేస్తారు?"

"పారేస్తాము. ఎందుకప్పా?"

"మగ్గానికి నూనె వేసేకి."

వాడు నవ్వాడు. "నీ తెలివికి గుడియాత్తం చాలదు" అని, ఒక కవరు నిండా సిరంజీలు, సూదులతో సహా ఇచ్చాడు. వేడినీళ్ళలో కడిగానన్నాడు. అలాంటివి ఇవ్వకూడదని వాడికి తెలియాలి, అడగకూడదని నాకు తెలియాలి. వాడు ఇవ్వడం తప్పే. కానీ చేయి చాచింది నేను. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత ఎవరినీ తిట్టే హక్కు మిగలదు, అందుకే ముందే చెబుతున్నాను.

నూనె సూది అమోఘంగా పనిచేసింది. అనుకున్నచోట అనుకున్నంత. పక్కనున్న మూడిళ్ళకు కూడా పంచాను. నూనె వేయడానికి కూర్చుంటే "డాక్టరు వచ్చినాడు" అని వీధిలో ఆటపట్టించేవాళ్ళు. ఆయుధపూజనాడు నాడెకు, కత్తెరకు, రాట్నానికి గంధం కుంకుమ పెట్టి, వాటి పక్కన సిరంజికి కూడా బొట్టు పెట్టాను. మొక్కినది కాపాడుతుందంటారు. ఇది కాటేసింది.

మార్గళి మొదటి మూడు రోజులు

సోమవారం పొద్దున. మార్గళి అంటే మా ధనుర్మాసం, చలికాలం. నాడెలో నూలు అయిపోయింది. నూలు చుట్టిన కొత్త కండె కోసం, చూపు గుడ్డమీద నుంచి తిప్పకుండా, పక్కనున్న బుట్టలోకి చేయి పెట్టాను. కండెల మధ్య పడుకుని ఉన్న సిరంజి అరచేతిలో దిగింది. దాని మూత ఎప్పుడో పోయింది. శేఖర్ అంతకు ముందు వారమే ఇచ్చిన కొత్త కవరులోది అది.

నేతగాడికి ఏది గుచ్చుకున్నా నోట్లో పెట్టుకోవడం అలవాటు. దారం కొస తడిపేదీ నోరే, నెత్తురు ఆపేదీ నోరే. అక్కడ పీల్చాను. తర్వాత గట్టిగా పిండాను. తర్వాత మా అమ్మ వక్కాకుల డబ్బాలోని సున్నం తీసి పూశాను. చేయకూడనివి మూడు వరసగా, శ్రద్ధగా చేశాను. చేయవలసింది ఒకటే, పారే నీళ్ళ కింద పెట్టి సబ్బుతో కడుక్కోవడం. కొళాయి నాలుగడుగుల దూరంలో ఉంది.

మధ్యాహ్నం దాకా ఏమీ లేదు. ఆ తర్వాత ఒక ఆలోచన వచ్చి బుర్రలో నాడెలాగా అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది. మంగళవారం పొద్దున్నే క్లినిక్ తలుపు తీసేసరికి నేను మెట్ల మీద ఉన్నాను.

"పోయిన వారం ఇచ్చినవి గూడా కడిగినావు కదా శేఖరా?"

వాడు చీపురు గోడకు ఆనించాడు. "ఆ దినము జనం జాస్తి అప్పా. నువ్వేమో తొందర చేసినావు."

"ఎవరికి వేసిన సూదులవి?"

"అందరికీ. అదెట్ల చెప్పేది?" నా చేయి పట్టుకుని చూశాడు. "ఏమీ కాదు. ఒక టి.టి. వేసుకో. నా పేరు మాత్రము యాడా ఎత్తొద్దు."

ఏమీ కాదన్న మాట మందులాంటిది. కొంతసేపే పనిచేస్తుంది. ఆ రోజంతా పనిచేసింది. బుధవారం పొద్దున దాని బలం తగ్గి, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి టి.టి. కోసం వెళ్ళాను. నర్సమ్మ పొడుస్తూ, ఎందుకని అడిగింది. తుప్పు మేకు అని చెప్పబోయి నోరు జారి సూది అన్నాను.

"ఏ సూది?"

చెప్పాను. ఆమె కలం మూత పెట్టింది.

"ఎప్పుడు గుచ్చుకుంది?"

"సోమవారం పొద్దున."

"వేలూరుకి బస్సెక్కు. ఇంటికి పోయి, భోంచేసి పోతాననవద్దు. హెచ్‌.ఐ.వి. రాకుండా మందు ఉంది, మూడు రోజుల లోపలే మొదలుపెట్టాలి. అది దాటితే ఇచ్చీ ప్రయోజనం లేదు. పచ్చకామెర్లకు టీకా ఉంది, అది కూడా ఇస్తారు." తమిళంలో చెప్పింది. నాకు తెలుగులో వణుకు పుట్టింది.

బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా నిలబడే ఉన్నాను. కూర్చుంటే బస్సు నెమ్మదిస్తుందనిపించింది. మూడు రోజులంటే డెబ్బైరెండు గంటలు. మేళకర్త రాగాలూ డెబ్బైరెండే. నా గుండె అందులో ఏదీ కాని రాగం వాయిస్తోంది. కాట్పాడి దగ్గర బస్సు ఆగి ఎంతకూ కదలకపోతే, దిగి నడుద్దామా అనుకున్నాను. రాజేశ్వరికి ఫోన్ చేసి, వేలూరు పక్కన తొరపాడిలో హాస్టల్లో ఉన్న మా అమ్మాయిని చూసి వస్తానని అబద్ధం చెప్పాను. తొందరలో చెప్పిన అబద్ధానికి అంచు కుట్టడం కుదరదు. ఆ సంగతి తర్వాత తెలిసింది.

ఆసుపత్రిలో హెచ్.ఐ.వి. మందులిచ్చే గది ముందు బెంచీ మీద కూర్చోవడానికి మనసు రాలేదు. గుడియాత్తం వాళ్ళెవరైనా చూస్తే? పక్కనున్న కంటి విభాగం ముందు నిలబడి, అక్షరాల పట్టీ చదువుతున్నట్టు నటించాను. బెంచీ మీది మనిషి ఒకాయన నన్ను పిలిచాడు. తెలుగువాడే, ఆర్కాడులో టైలరు.

"అప్పా, ఈ గదికే కదా? రా, కూర్చో. కండ్ల డాక్టరు దినమంతా నిలబెట్టినా ఈ మాత్ర ఇయ్యడు."

కూర్చున్నాను. ఆయనకు ఆ జబ్బు ఉందట, ఏళ్ళుగా మందులకు వస్తున్నాడట. ఇద్దరు పిల్లల పెళ్ళిళ్ళు చేశాడట. "చూడు, పొట్ట గూడా వచ్చింది" అని నవ్వి, సంచిలోంచి జామకాయ తీసి, కత్తితో కోసి సగం నాకిచ్చాడు.

నా చేయి ఒక క్షణం ఆగింది. ఒక్క క్షణమే. ఆయన చూశాడు. ఏమీ అనకుండా, ఆ సగం నా పక్కన కాగితం మీద పెట్టాడు. నేను తీసుకుని తిన్నాను, అవసరం కన్నా ఎక్కువ చప్పుడు చేస్తూ. జామకాయ తింటే రాదని నాకు తెలుసు. తెలిసిన సంగతి తలలో ఉంటుంది, చేతికి చేరేసరికి ఆలస్యమవుతుంది.

డాక్టరు చేయి చూశాడు, నెత్తురు తీసుకున్నారు, మొదటి మాత్ర అక్కడే మింగించారు. రోజుకొకటి, ఇరవైఎనిమిది రోజులు, ఒక్కటీ తప్పకూడదు. కామెర్ల టీకా మొదటి మోతాదు వేశారు. ఆ తర్వాత సలహాలిచ్చే అమ్మ ఒకావిడ నన్ను లోపల కూర్చోబెట్టింది. ఆ రోజు పరీక్షలో ఏమీ లేదు. కానీ అది సూది గుచ్చుకోకముందున్న నా సంగతే చెబుతుందట. సోమవారం సూది ఏం చేసిందో ఆరు వారాలకు కొంత, మూడు నెలలకు పూర్తిగా తెలుస్తుంది.

"వాడిన సూది, ఎండిపోయి ఉంటుంది. అవకాశం తక్కువే" అంది. "తక్కువ అంటే లేదని కాదు. అందుకే మందు."

తక్కువ అనే మాటకూ లేదు అనే మాటకూ మధ్యనున్న సందులో మూడు నెలలు కాపురం చేశాను.

మూడో పరీక్ష అయ్యేదాకా భార్యతో దూరంగా ఉండమంది, లేదా జాగ్రత్త పాటించమంది. "ఇంట్లో చెప్పండి" అంది. చెబుతానన్నాను. "మిగతా సూదులు ఎక్కడ?" అంది. ఇంట్లో కొన్ని, మూడిళ్ళలో కొన్ని అన్నాను. ఆమె చేతిలోని కాగితాలు కింద పెట్టింది. మందమైన ప్లాస్టిక్ డబ్బాలో, చేత్తో కాకుండా పట్టకారుతో వేసి, మూత బిగించి తీసుకురమ్మంది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది.

మాత్రలు

చెబుతాను అనే మాట వేలూరులో తమిళంలో సులువుగా వచ్చింది. గుడియాత్తంలో తెలుగులో చెప్పాల్సి వచ్చేసరికి నాలుక మడతపడింది. మాత్రల సీసా మగ్గం కింద, పాత కండెల పెట్టెలో దాచాను. నడుము నొప్పి, నేల మీద పడుకోమన్నారు అని చెప్పి నా చాప మగ్గం పక్కకు మార్చాను. రాజేశ్వరి చాపను చూసింది, నన్ను చూసింది.

"నేల లోపల గూడా ఉండాది కదా" అంది.

"ఇక్కడ గాలి వస్తుంది."

"మార్గళిలో గాలి కావాల్నా?"

నేను దగ్గాను. దగ్గు సమాధానం కాదు. అయినా ఆ రోజుల్లో అదే నా దగ్గరున్న మంచి సమాధానం.

మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పేది. దానికన్నా నా మనసు తిప్పుడే ఎక్కువ. గంటకోసారి మెడ కింద గడ్డలున్నాయా అని తడుముకునేవాణ్ణి. దోమ కుట్టినా దద్దురేమో అనిపించేది. మగ్గం మీద కూర్చుంటే నాలుగు పోగుల దగ్గర ఎర్ర దారం రావాలి, ఆరు పోయాక గుర్తొచ్చేది. విప్పి మళ్ళీ నేసేవాణ్ణి, మళ్ళీ తప్పేది. లేచి బజారు దాకా నడిచేవాణ్ణి, ఎందుకొచ్చానో తెలియక ఒక అగ్గిపెట్టె కొనుక్కుని వచ్చేవాణ్ణి. వారంలో మా ఇంట్లో ఏడు అగ్గిపెట్టెలు పోగయ్యాయి. మా అమ్మ వాటిని చూసి, "వీడు బీడీ పట్టినాడా యేమి" అంది. ఆమెకు చెవులు సరిగా వినపడవు. ఈ వ్యవహారంలో మాకు కలిసొచ్చింది అదొక్కటే.

నూనె సూదులు వెనక్కు తీసుకోవడానికి శనివారం బయలుదేరాను. చేతిలో పట్టకారు, చంకలో పెయింటు డబ్బా. మొదటి రెండిళ్ళలో తుప్పు పట్టినాయని చెప్పాను. ఇచ్చిన వస్తువు తిరిగి అడిగేవాణ్ణి చూసినట్టు చూశారు, అయినా ఇచ్చారు. మూడోది గౌరమ్మత్త ఇల్లు. వరసకు అత్త. డెబ్బై దాటినా తన మగ్గం తనే నేస్తుంది, తన మాట తనే గెలిపించుకుంటుంది.

"ప్లాస్టిక్కుకు తుప్పేందిరా నాయనా?"

"సూదికత్తా."

"సూదికి తుప్పు పడితే నా మగ్గం ఆగతాదా? ఉండనీ."

"వద్దత్తా, పొరపాటున గుచ్చుకుంటే కష్టం."

"ఏం కష్టం? నీ పెండ్లానికి గుచ్చుకోలేదా? ఆయుధపూజ దినము, సామాన్లన్నీ తుడస్తా ఉంటే వేలికి దిగింది. నేనే కదా సున్నము పెట్టినా. ఏమయింది దానికి? గుండ్రాయి మాదిరి ఉండాది."

పట్టకారు నా చేతిలోంచి డబ్బాలో పడింది. ఆ చప్పుడు ఇంకా నా చెవిలో ఉంది.

నాకు గుచ్చుకున్నది నా మూర్ఖత్వానికి వచ్చిన కూలి అనుకుని, ఎలాగో మోస్తున్నాను. ఆమెకు గుచ్చుకుంది నేను బొట్టు పెట్టిన సూది. గుచ్చుకుని పది వారాలయింది. మూడు రోజుల లోపల మింగాల్సిన మందు ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. ఇప్పుడు ఇచ్చినా ప్రయోజనం లేదు.

ఇంటికి వచ్చేసరికి రాజేశ్వరి రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. ఎదురుగా నిలబడ్డాను. కూర్చోలేకపోయాను.

"ఆయుధపూజనాడు నీకు సూది గుచ్చుకొనిందా?"

రాట్నం ఆగింది. "అత్త చెప్పిందా?"

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఆ సూదిని పట్టుకోని వీధంతా చూపించి మురుస్తా ఉంటివి. బొట్టు గూడా పెడితివి. నాకు గుచ్చుకొనిందని యెట్ల చెప్పేది? మీయమ్మ నెత్తురు చూసిందంటే పూజంతా మళ్ళా మొదట్నుంచి చేయిస్తాది." చేతిలోని దారం తెగకుండా పక్కన పెట్టింది. "సరే, నేను చెప్పలేదు. నువ్వు చెప్పినావా? బుధవారం యాడికి పొయ్యినావు? పాపకు ఆ సాయంత్రమే ఫోన్ చేసినా. నాయన రానే లేదనింది. చాప బయటికి పొయ్యింది. పాత కండెల పెట్టెలో మాత్రలుండాయి. నేను కండెలు చుట్టేదాన్ని బావా, కండెల పెట్టెలో దాస్తావా?"

చెప్పాను. సోమవారం నుంచి మొదలుపెట్టి, జామకాయ దాకా.  అంతా విని రాజేశ్వరి తన కుడిచేతి వేలును చూసుకుంది.

"వేరే ఎవతో అనుకుంటి" అంది చివరికి. "నాలుగు దినాలు నేను ఎవరెవర్ని అనుకున్నానో నీకు తెలిస్తే నవ్వుతావు."

"ఎవర్ని?"

"నవ్వే దినము చెప్తా."

తర్వాత ఆమే లేచింది. "ఆ రెండిండ్లకు తుప్పని చెప్పి వచ్చినావా? వాళ్ళకు గూడా గుచ్చుకోని ఉంటే? నాకు మాదిరి ఊరకే ఉంటారు. నువ్వు పొయ్యి చెప్పు. చెప్పకపోతే నేను చెప్తా."

ఇద్దరం ఆ రెండిళ్ళకూ, మళ్ళీ గౌరమ్మత్త ఇంటికీ వెళ్ళాం, ఈసారి ఆమె సూది కూడా ఇచ్చేసింది. గుమ్మంలో నిలబడి మొత్తం చెప్పాను. ఎవరికీ గుచ్చుకోలేదు. ఊపిరి పీల్చుకున్నాను కానీ, ఆ ఊపిరి సగంలోనే ఆగింది. ఒకావిడ నా భార్య దగ్గర అరువు తీసుకున్న కండెల బుట్టను అప్పుడే లోపల్నుంచి తెచ్చి, కొసన రెండు వేళ్ళతో పట్టుకుని, మా ముందు కింద పెట్టింది. చేతికివ్వలేదు. ఆమె మీద కోపం రాలేదు. ఆర్కాడు టైలరు జామకాయ ముందు నా చేయి కూడా అలాగే ఆగింది.

మరుసటి రోజు వీధి మొత్తానికి తెలిసింది. పొద్దున్నే గౌరమ్మత్త వచ్చి, లోపలికి రాకుండా మా అరుగు మీద, అందరికీ కనిపించేచోట కూర్చుంది.

"రాజీ, కాఫీ తేమ్మా. గలాసులో కాదు, నువ్వు తాగే లోటాలోనే తే" అంది గట్టిగా. తాగి, మూతి తుడుచుకుని, పోయేవాళ్ళను పేరు పెట్టి పిలిచి, "చక్కెర తక్కువైందిరా" అని ఒక్కొక్కరికీ చెప్పింది. నాలుగు రోజులు వరసగా వచ్చింది. అయిదో రోజు ఆ బుట్ట ఆవిడ కూడా కాఫీకి కూర్చుంది. చక్కెర మాత్రం రోజూ సరిగానే ఉంది.

ఆ కాఫీల మధ్యే, సోమవారం రాజేశ్వరితో వేలూరు వెళ్ళాను. సూదుల డబ్బా మూత బిగించి, పైన గుడ్డ చుట్టి, ఒడిలో పెట్టుకున్నాను. పక్కసీటులో మేల్పాడి దాకా పోవాల్సిన పెద్దావిడ మా డబ్బాను చూసి, "నెయ్యా?" అంది. "నూనె" అంది రాజేశ్వరి. ఆ వారంలో ఆమె చెప్పిన మొదటి అబద్ధం, అదీ పూర్తి అబద్ధం కాదు.

ఆమె నెత్తురు తీస్తుంటే నేను గోడ వైపు తిరిగాను. ఫలితం వచ్చేదాకా వరండా ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాను. నడిచి, ఇన్నేళ్ళుగా ఆమె నాకోసం చుట్టిన కండెలన్నీ ఒక్కొక్కటిగా గుర్తు చేసుకున్నాను. "కూర్చో బావా, నువ్వు నడస్తా ఉంటే నాకు కండ్లు తిరగతాయి" అంది. కూర్చున్నాను. మోకాలు ఆడుతూనే ఉంది. ఆమె తన చేయి దాని మీద పెట్టింది. నాడె ఆగినట్టు ఆగింది.

సలహాల అమ్మ పిలిచింది. పది వారాలు దాటింది కాబట్టి ఈ పరీక్షకు బలం ఉందట. ఏమీ లేదు. హెచ్‌.ఐ.వి. లేదు, కామెర్లు లేవు. మూడు నెలలు నిండాక ఇంకొకసారి చూస్తే సరి. రాజేశ్వరి తల ఊపింది. బయటికి వచ్చి, ఆసుపత్రి ముందు చెరుకురసం బండి దగ్గర నిలబడి ఏడ్చింది. బండివాడు ఏమీ అడక్కుండా రెండు గ్లాసులు నింపాడు. ఒకదానికే చెప్పాం.

తై నెల, సంక్రాంతి రోజులు

ఇరవైఎనిమిదో మాత్ర మింగినరోజు పండగ చేసుకోవాలనిపించింది. కానీ మాత్ర ఉన్నప్పుడు పొద్దున్నే చేయడానికి ఒక పని ఉండేది. అది అయిపోయాక భయానికి పని లేక, అది ఇల్లంతా తిరగడం మొదలుపెట్టింది. ఖాళీ సీసాను ఊపి చూసేవాణ్ణి.

శేఖర్ ఒక మధ్యాహ్నం వచ్చాడు. వాకిట్లోనే నిలబడ్డాడు.

"నా పేరు చెప్పినావా?"

"అడగలేదు, చెప్పలేదు. క్లినిక్ డాక్టరుకు నువ్వే చెప్పు. నేను చెబితే వేరేగా ఉంటుంది."

వాడు మగ్గం వైపు చూశాడు. "నువ్వు నూనెకని అడిగితివి, నేను స్నేహానికని ఇస్తిని" అన్నాడు. రెండు వారాల తర్వాత మళ్ళీ వచ్చి, డాక్టరు చేత నానా మాటలూ పడ్డాననీ, ఇప్పుడు సూదిని వెంటనే విరిచే యంత్రం వచ్చిందనీ చెప్పాడు. తిట్టించుకున్న సంగతి చెప్పేటప్పుడు వాడి ముఖంలో నాకు కూడా కావాలనిపించిన తేలిక ఒకటి కనిపించింది.

ఆరు వారాల పరీక్షకు ఇద్దరం వెళ్ళాం. రాజేశ్వరికి అది చివరిది. ఏమీ లేదని తేలిపోయింది. నాకూ ఏమీ లేదు, కానీ నాది ఇంకా చివరిది కాదు. ఆమె ఒడ్డు చేరింది, నేను నీళ్ళలోనే ఉన్నాను. ఆర్కాడు టైలరు కనిపిస్తాడేమోనని బెంచీ చూశాను. లేడు. సంచిలో ఆయన కోసం తీసుకుపోయిన జామకాయను కోసి, రాజేశ్వరికి సగమిచ్చాను.

చాప మగ్గం పక్కనే ఉంది.  రాజేశ్వరి దాన్ని రోజూ పొద్దున చుట్టి గోడకు ఆనించేది, అంతే.

పంగుని నెల

మూడు నెలలు నిండిన రోజున ఒక్కణ్ణే వెళ్తానన్నాను. ఏదైనా తేలితే బస్సులో రెండు గంటలు నా ముఖం నాకే ఉండాలనిపించింది. రాజేశ్వరి వద్దనలేదు. టిఫిన్ కట్టి, "పాపను నిజంగా చూసి రా ఈసారి" అంది.

ఆ బస్సులో కూర్చున్నాను. ఎందుకో తెలియదు. కాట్పాడి దగ్గర ఆగితే ఆగనీ అనుకున్నాను, ఆ రోజు ఆగలేదు. గది ముందు బెంచీ మీద నడిమధ్యన కూర్చున్నాను. కొత్తవాడొకడు కంటి విభాగం ముందు అక్షరాల పట్టీ చదువుతున్నాడు. చదవడం వచ్చినవాడిలా లేడు.

"అప్పా" అని పిలిచాను. "రా, ఇట్ల కూర్చో."

వచ్చాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఏమైందని అడగలేదు. టిఫిన్ డబ్బా తీసి ఇడ్లీ ఇచ్చాను. వాడి చేయి ఆగింది. నేను కాగితం మీద పెట్టి ఊరుకున్నాను.

నా పేరు పిలిచారు. సలహాల అమ్మ కాగితం నా వైపు తిప్పి పెట్టింది. ఏమీ లేదు. చివరిది ఇదే. కామెర్ల టీకా మిగిలిన మోతాదు మాత్రం మరచిపోవద్దంది. "సంతోషమా?" అంది.  తల ఊపాను. బయటికి వచ్చేసరికి బెంచీ మీది వాడు ఇడ్లీ తింటున్నాడు.

రాజేశ్వరికి ఫోన్ చేసి ఒకే మాట చెప్పాను.  అవతల రాట్నం తిరిగే చప్పుడు వినిపిస్తూ ఉంది, అది ఆగింది. కొంతసేపటికి మళ్ళీ మొదలైంది. తొరపాడి వెళ్ళి, మా అమ్మాయికి ఖాళీ టిఫిన్ డబ్బా చూపించి తిట్లు తిన్నాను.

ఇంటికి చేరేసరికి ఎండ వాలింది. కాళ్ళు కడుక్కుని నేరుగా మగ్గంలో దిగాను. నాడె మొరాయిస్తోంది. సున్నపు డబ్బా పక్కన, చిన్న గిన్నెలో నూనె, అందులో కోడి ఈక ఉన్నాయి. గౌరమ్మత్త ఇచ్చిందట. ఈకను ముంచి కడ్డీకి రాశాను. అలవాటు తప్పిన చేయి, ఒక చుక్క జారి గుడ్డ మీద పడింది. ఎర్ర గడిలో గుండ్రటి మచ్చ. ఎవరికైనా కనిపించేంత పెద్దది.

"పడిందా?" అంది రాజేశ్వరి రాట్నం దగ్గర్నుంచి.

"పడింది."

"దుకాణం వాళ్ళు తీసుకోరు."

"నేనే కట్టుకుంటా."

ఆమె నవ్వింది. నవ్వే దినం చెబుతానన్న మాట గుర్తొచ్చి, ఆ నాలుగు రోజుల్లో ఎవరెవర్ని అనుమానించావని అడిగాను. వేలు మడుస్తూ చెప్పింది. మూడో పేరు గౌరమ్మత్తది. గుంతలోంచి పైకి రావడానికి నాకు చాలాసేపు పట్టింది, నవ్వి నవ్వి.

పైకి వచ్చి గోడ వైపు చూశాను. మూడు నెలలుగా ఆనించి ఉన్నచోట చాప లేదు.

"చాప యాడ?"

రాజేశ్వరి కండె మీద నుంచి చూపు ఎత్తలేదు.

"లోపల ఉండాది" అంది.